సూది చూపిన ఒడ్డు

1989 నవంబర్ 5, ఆదివారం

ఈ ఏడు మంచు ముందే దిగింది. పొద్దున ఊళ్లో రేవుకు పోతే నీళ్లు కనబడలేదు. ఇంజన్ చప్పుడు మాత్రం వినబడుతున్నది. బస్వరాజ్ పటేల్ పడవ మంచులోకి పోయింది, కొంతసేపటికి మంచులో నుంచే వచ్చింది. దిగినోళ్లు నవ్వుకుంట దిగిన్రు. అడుగున ఊరిన నీళ్లను నాగవ్వ డబ్బాతో తోడి పోస్తున్నది. నాగవ్వ నా తమ్ముడు సంగయ్య పెండ్లాం. సంగయ్యను మింగిన నీళ్లనే, మింగించినవాని పడవలో నుంచి తోడి పోస్తున్నది.

“ఈ పనే దొరికిందా నీకు?” అన్న.

“కడుపు ఊకుంటదా బావా?” అన్నది. డబ్బా ఆపలేదు.

ఇది రాసుకుంటున్నది మర్చిపోత అని కాదు. సల్లబడత అని. జహీరాబాద్‌కు తిరిగొచ్చి, రైల్వే గ్యాంగులో పార పట్టి నాలుగు రోజులు పట్టాల కింద కంకర ఎత్తితే ఎవనికైనా కోపం చెమటలో పోతది. నాది పోవద్దు. అందుకే మొదటి నుంచి రాస్తున్న.

రేవులో వేపకొమ్మకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది. జహీరాబాద్ పాత ఇనుప దుకాణంలో నేనే కొనిచ్చిన. మంజీర మీద డ్యాం నీళ్లు నిలిచి, అవతలి గడ్డ కంటికి అందకుండ అయినప్పటి నుంచి బుట్ట పడవలు నడిపే మా పుట్టోళ్లకు ఆ ముక్కే దారి. మంచు పడ్డ పొద్దున ఒకరు ఒడ్డు మీద దాన్ని కొడుతుంటే, నీళ్ల మీద ఉన్న పుట్లన్నీ ఆ చప్పుడు పట్టుకొని ఇంటికి వచ్చేవి. సంగయ్య నీళ్ల మీద ఉంటే నాగవ్వ కొట్టేది.

పోయినేడు పటేల్ రేవు గుత్తకు పట్టిండు. ఇంజన్ పడవ తెచ్చిండు. బొంబాయి నుంచి కంపాస్ తెచ్చి పడవ బల్లకు కొట్టిండు. “నాకు సూది ఉండంగ ఈ డప్పెందుకు?” అని పట్టా ముక్క తీయించిండు. చప్పుడు లేకుంటే మంచులో పుట్లు కదలవు. ఎక్కేవాళ్లందరు వాని పడవే ఎక్కాలె. అంతే లెక్క. జనవరిలో సంగయ్య మొండికేసి మంచులోనే పోయిండు. నాగవ్వ పట్టా ముక్క కొడతనంటే పటేల్ మనిషి ముట్టనియ్యలేదు. పుట్టి కొట్టుకొచ్చింది. మునిగిపోయిన తాళ్లవనం ఉన్నదే, ఆ మొద్దుల కాడ సంగయ్య తేలిండు.

పోలీసులు మంచు అని రాసుకొని పోయిన్రు.

నవంబర్ 8

కంపాస్ కొంట. సంగయ్య పుట్టి నీళ్లలోకి దించుత. సెలవు దొరికిన ఆదివారాలు నేనే నడుపుత. పటేల్ గుత్త పట్టింది రేవును, మంచును కాదు. వాని బేరం సగం గుంజుకుంటే చాలు.

ఇంతే. ఇంకేం లేదు.

నవంబర్ 11

బస్టాండు పక్క ఫ్యాన్సీ దుకాణంలో తాళపు గుత్తికి కట్టిన కంపాస్ చూసిన. రూపాయి బిళ్లంత. దుకాణపు పిల్ల దాన్ని తిప్పి చూపించింది. సూది ఒక తావున అంటుకొని నిలిచింది. గోరుతో కొడితే కదిలింది.

“గిదేంది, కొడితెగాని చెప్పదా?” అన్న.

“బర్రెను గూడ కొడితెనే గద నడిచేది,” అన్నది.

వద్దని ఇస్సాకన్న దుకాణానికి పోయిన. ఇస్సాకన్న మిల్ట్రీలో వైర్‌లెస్ పని చేసి వచ్చి, ఇప్పుడు రేడియోలు బాగుచేస్తడు. ఎన్నికలు గనుక దుకాణం నిండ జీపుల మీది లౌడ్‌స్పీకర్లు పడి ఉన్నయి. అన్ని పార్టీలవి ఒకదాని మీద ఒకటి.

“కంపాసా? ఏం మాణిక్, మీ రైలు దారి తప్పుతున్నదా?” అని నవ్విండు.

పుట్టికి అని చెప్పిన. నవ్వు ఆపిండు. సంగయ్య సంగతి ఆయనకు తెలుసు. పెట్టె తెరిచి తనది చూపిండు. ఆకుపచ్చ రంగు, ఇత్తడి మూత, లోపల నూనె. అరచేతిలో సరిగ్గ కూసున్నది. పుట్టి గుండ్రంగ తిరిగేది గనుక చేత పట్టేదే కావాలన్నడు. నూనె ఉంటే సూది వణకదు. మూత ఉంటే తడవదు. చీకట్లో మెరిసే చుక్క ఉంటే మంచిదే, లేకున్నా ఏం కాదు. నేను దాన్ని చేతిలో నుంచి పెట్టలేదు.

“అమ్ముతవా అన్నా?”

“ఇరవై రెండేండ్ల కొలువుల మిగిలిందిదొక్కటే. దీన్నిస్తే మిగతాది ఎవడు నమ్ముతడు? హైదరాబాద్ పో. జుమ్మేరాత్ బజార్ల వెతుకు.”

నవంబర్ 16, గురువారం

పాస్ ఉన్నది గనుక రైలు ఖర్చు లేదు. మేస్త్రీకి కడుపునొప్పి అని చెప్పిన. బాలమణికి కూడ అదే చెప్పిన. “కడుపునొప్పోనికి సద్ది ఎందుకు?” అనుకుంటనే రొట్టె కట్టింది నా పెండ్లాం.

జుమ్మేరాత్ బజార్‌లో లేని వస్తువు లేదు. ఒక చెప్పు, పళ్ల సెట్టు, కోర్టు గడియారం. ఒక ముసలాయన గోనె మీద మూడు కంపాసులు పెట్టుకొని కూసున్నడు. నేను కంపాస్ అంటే, “ఖుతుబ్‌నుమా అను మియా, మర్యాదగ పిలిస్తే మర్యాదగ చూపుతది,” అన్నడు.

మొదటిది కొత్తది. ధర విని కింద పెట్టిన. రెండోది ఇత్తడిది, ఓడది. బరువు. చేత పడితే చేయి గుంజింది. అద్దం బాగున్నది గాని లోపల నూనె లేదు, సూది తాగినోని తీరు తిరిగి తిరిగి ఆగింది. మూడోది ఇస్సాకన్న దాని తీరుదే. మూత ఉన్నది, అద్దం మీద గీత ఉన్నది. నూనెలో పెసరగింజంత గాలి బుడగ.

“గా బుడగేంది?”

“అది దాని ఊపిరి.”

“ఊపిరి కాదు, రోగం. తగ్గించు.”

“సూదిని చూడు మియా, బుడగను కాదు. నువ్వు దీంతోని మక్కాకు పోతవా?”

“అవతలి గడ్డకు పోత.”

“ఓడ ఉన్నదా?”

“పుట్టి ఉన్నది.”

ఆయన పక్కనున్న పాత బట్టలాయనకు చెప్పి నవ్విండు. పుట్టికి ఖుతుబ్‌నుమా అంట, గాడిదకు గొడుగు పట్టినట్టు అన్నడు. నేను లేచి నాలుగు దుకాణాలు దాటి పోయిన. పిలుస్తడనుకున్న. పిలవలేదు. నేనే తిరిగొచ్చిన. అప్పుడు తగ్గించిండు.

వచ్చేటప్పుడు రైల్లో మూత తెరిచి తెరిచి చూసిన. బండి మలుపు తిరిగినా సూది తన దిక్కు విడవలేదు. ఈ మధ్య ఏ వస్తువునూ ఇంత ఇష్టంగ పట్టుకోలేదు.

నవంబర్ 18

మోసపోయిన. పని కాడ పట్టా మీద పెట్టి చూస్తే సూది పొద్దు పొడిచే దిక్కుకు తిరిగింది. గ్యాంగులో అందరూ చూసిన్రు. “మాణిక్ కొన్న ఉత్తరం తూర్పున ఉన్నది,” అని పగలంత అదే మాట. పచ్చడి అడిగినా, నీళ్లు అడిగినా “తూర్పున ఉన్నది” అంటున్నరు.

నవంబర్ 20

ఇస్సాకన్న ముందర కంపాస్ పెట్టి ముసలాయనను తిట్టిన.

“ఆయన్నెందుకు తిడతవ్? ఇనుము మీద పెడితే ఇనుము మాటే ఇంటది. గిటు చూడు.” పేలిపోయిన లౌడ్‌స్పీకర్ ఒకటి విప్పి, వెనుక ఉండే నల్లటి బిళ్ల తీసిండు. అయస్కాంతం. కంపాస్‌కు జానెడు దూరంలో పెట్టిండు. సూది పావు చుట్టు తిరిగి అక్కడే నిలిచింది. నెమ్మదిగ, ఏ అనుమానం లేకుండ నిలిచింది. అది తప్పని చూసేవానికి ఎట్ల తెలుస్తది?

“చెక్క అడ్డమున్నా గుంజుతదా అన్నా?”

“చెక్కేంది, గోడ అడ్డమున్నా ఊకోదు.”

“గా బిళ్ల నాకిస్తవా?”

“ఎందుకు?”

“పిల్లలు ఆడుకుంటరు.”

నాకు పిల్లలు లేరు. ఆ మాట ఆయనకూ తెలుసు. అయినా ఇచ్చిండు. “రెండూ ఒక తావున పెట్టకు. సూది పాడైతది,” అన్నడు.

నవంబర్ 22

గది తలుపు పెట్టుకొని పీట మీద కంపాస్, పీట కింద అయస్కాంతం పెట్టి చూసిన. ఇటు జరిపితే ఎంత, అటు జరిపితే ఎంత. బాలమణి తలుపు సందులో నుంచి చూసి, “ఎవరికన్న మందు పెడుతున్నవా ఏంది?” అన్నది.

రేవు నుంచి అవతలి గడ్డకు నేరుగ ఉత్తరం. సూది పక్కకు గుంజితే పడవ తాళ్లవనం మొద్దుల మీదికి పోతది.

నవంబర్ 24

బెదిరించటానికే. ఒడ్డు ఎటున్నదో తెలవకుండ ఒక్క పూట ఉండాలె వాడు. అంతకన్న ఏం వద్దు. పటేల్ల పిల్లలు బావుల్లో పడి ఈత నేర్చినోళ్లే. వానికి ఈత వస్తది.

నవంబర్ 26, ఆదివారం

ఊరికి పోయిన. మధ్యాహ్నం రేవులో ఎవరూ లేరు. ఓట్ల కాడికి పోయిన్రు. నాగవ్వ పడవ కడుగుతున్నది. సాయం చేసినట్టు ఎక్కి చూసిన. పటేల్ కంపాస్ చిన్న చెక్క పెట్టెలో, కూసునే బల్ల మీద మేకులతో బిగించి ఉన్నది. బల్ల కింద చేయి పట్టేంత జాగ. ఎవరూ వంగి చూసే తావు కాదు.

మొదటి ఖేపు పటేల్ ఒక్కడే పోతడు. అవతలి గడ్డ నుంచి పాల క్యాన్లు, కూరగాయల గంపలు తెస్తడు. నీళ్లు తోడటానికి నాగవ్వ పోతది. అదొక్కటే చూసుకోవాలె.

ఇంటికి పోయినంక నాగవ్వ నా మెడలో కంపాస్ చూసింది.

“నువ్వు గూడ సూది కొన్నవా బావా?”

“పుట్టి దించుత.”

“దానికి సూదెందుకు? పట్టా ముక్క మళ్ల కట్టరాదు. నేనే కొడత. మొగోళ్లు ఎవరన్న ఒకరు పటేల్‌ను నిలదీసి కట్టాలె. నేనొక్కదాన్నైతే అయితలేదు.”

పట్టా ముక్క ఆమె నీళ్ల కుండ కింద ఉన్నది. కుండ కదలకుండ పెట్టుకున్నది.

“కడత,” అన్న. “జర ఆగు. ముందు వేరే పని ఉన్నది.”

ఆమె నన్ను చూసింది. రొట్టె వేసింది.

డిసెంబర్ 1

అన్నీ సర్దిన. అయస్కాంతం, కంపాస్, సన్న తాడు సంచిలో పెట్టి తలుపు వెనుక తగిలేసిన. ఇంక మంచు పడాలె.

డిసెంబర్ 4

మంచు పడలేదు.

డిసెంబర్ 6

పడలేదు. మంచు పడ్డ పొద్దున మాకు రైల్వేలో ఒక పద్ధతి ఉన్నది. సిగ్నల్ కనబడదు గనుక పట్టా మీద పటాకు పెడతం. చక్రం కింద అది పేలితే డ్రైవర్ నిదానం చేస్తడు. మేస్త్రీ ఇయ్యాల ఆ పటాకుల డబ్బా లెక్క చూసిండు. చలి పెరుగుతున్నది, తయారుగ ఉండాలన్నడు.

తయారుగనే ఉన్న.

డిసెంబర్ 9, శనివారం

ఊళ్లోనే ఉన్న. పొద్దుగూకే ముందు బిళ్లను బల్ల కింద కట్టి వచ్చిన. రెండు చుట్లు, ఒక ముడి.

నాగవ్వకు చెప్పిన, రేపు పనికి పోకు, నాకు జొన్నరొట్టెలు చేసిపెట్టు, పొద్దున్నే పోవాలె అని. “పటేల్ తిడతడు,” అన్నది. “తిట్టనీ,” అన్న. సంచిలో నుంచి కంపాస్ తీసి మెడలో వేసుకున్న.

గాలి లేదు. రేపు పడతది.

డిసెంబర్ 10

ఇయ్యాల రాయను.

డిసెంబర్ 12

జహీరాబాద్ వచ్చిన. చేతులకు పొక్కులు. పార పట్టలేనని చెప్పి సెలవు పెట్టిన. ఉన్నది ఉన్నట్టు రాస్త.

ఆదివారం పొద్దున మంచు ఎట్ల పడ్డదంటే, రేవులో నిలబడితే నా కాళ్లు నాకు సరిగ్గ కనబడలేదు. చూడటానికి పోయిన. పోకుంటే అయిపోవు. వాడు పడవ విప్పుతుంటే చూడాలని పోయిన.

“ఎవరది?” అన్నడు పటేల్.

“నేను పటేలా, మాణిక్‌ను.”

“మంచిగనే వచ్చినవ్. నీ మరదలు ఇంక రాలే. ఎక్కు, జర నీళ్లు తోడు. పడవ నిన్నటిసంది ఎక్కువ కారుతున్నది.”

ఏం చెప్పాలె? ఎక్కనంటే ఎందుకంటడు. నాగవ్వను ఆపింది నేనే. ఆమె జాగల కూసునేది నేనే అయితనని అనుకోలేదు. ఎక్కిన.

ఇంజన్ కొట్టిండు. ఒడ్డు పోయింది. నేను డబ్బాతో తోడుకుంట వాని మొకం చూస్తున్న. వాడు సూదిని చూస్తున్నడు. సూది ఎటు తిరిగితే పడవ అటు తిరుగుతున్నది. పీట మీద నేను చూసినట్టే. ఎంత నమ్మకంగ పోతున్నడంటే, ఒక దమ్ము నాకు నవ్వొచ్చింది. తర్వాత మొద్దులు యాదికొచ్చినయి. ఆ మొద్దులు నాకు గూడ మొద్దులే గద. ‘పటేలా, కుడికి తిప్పు’ అందామనుకున్న. మాట నోట్లోకి వచ్చింది గూడ. ఇది అబద్ధం రాస్తలేను.

అప్పుడు ఇంజన్ ఆగింది. వాడు తాడు గుంజిండు, పట్టలేదు. మళ్ల గుంజిండు. అంతా చప్పుడు లేకుండ అయింది.

“ఆ పొద్దు గూడ గిట్లనే ఆగింది,” అన్నడు.

“ఏ పొద్దు?”

వాడు నన్ను చూడలేదు. “నీ తమ్ముడు పోయిన పొద్దు. నువ్వు కూసున్నవ్ గనుక చెప్తున్న. ఒక్కణ్ణే ఉంటి. ఇంజన్ ఆగింది. ఎడమ దిక్కుకెళ్లి ‘పటేలా, పటేలా’ అని పిలిచిండు. జర దూరంల.”

“నువ్వు విన్నవా?”

“విన్న.”

“పలకలేదా?”

“ఎట్ల పలుకుత? పలికితే వస్తనని ఆగుతడు. పోతే నేను గూడ దారి తప్పుత. సూది మీదికెళ్లి కన్ను తీస్తే నేనేడ తేలుత? వేరే ఎవరన్న తీసుకపోతరు అనుకున్న. నాగవ్వకు ఊకనే పని ఇచ్చిన్నా?”

మళ్ల తాడు గుంజిండు. ఇంజన్ పట్టింది.

నేను కుడికి తిప్పమనలేదు. డబ్బా కింద పెట్టి కూసున్న.

మొద్దు తగిలింది. బల్ల విరిగిన చప్పుడు ఎండిన తునికి కట్టె విరిగినట్టు వచ్చింది. ఇంజన్ బరువుకు వెనుక భాగం మునిగింది. వాని సూదీ, నేను కట్టిన బిళ్లా అన్నీ దాంతోనే పోయినయి. పటేల్ ఖాళీ డీజిల్ డబ్బాను వాటేసుకొని అరుస్తున్నడు. వానికి ఈత రాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది అని రాస్తే నన్ను నేనే నమ్మను. తెలుసుకోవాలనుకోలేదు, అంతే.

జుట్టు పట్టి తాటి మొద్దు కాడికి గుంజిన. మొద్దును పట్టుకున్నడు. నీళ్లు సలికి కోస్తున్నయి. ఎటు చూసినా తెలుపే.

అప్పుడు వినబడ్డది. ఠంగ్. జర ఆగి మళ్ల, ఠంగ్. మా పట్టా ముక్క.

“ఏంది గా చప్పుడు? ఏ దిక్కుకెళ్లి?” అన్నడు పటేల్. వానికి అన్ని దిక్కుల నుంచి వస్తున్నట్టే ఉన్నది. నేను పుట్టి మీద పెరిగినోణ్ణి. నా వీపు వెనుక నుంచి వస్తున్నది, ఏ అనుమానం లేదు. అయినా మెడలో ఉన్నది గనుక మూత తెరిచి చూసిన. రేవు దక్షిణాన. సూది చూపే దక్షిణం నా ముందర ఉన్నది. చప్పుడు వెనుక ఉన్నది.

సూదిని తట్టిన. మళ్ల అదే.

వారం రోజులకు పైన ఆ సంచిలో రెండూ కలిసి ఉన్నయి. ఇస్సాకన్న చెప్పనే చెప్పిండు. బిళ్ల దాన్ని తలకిందులు చేసింది. అంత తిరిగి, అంత బేరమాడి కొన్న వస్తువు ఉత్తరాన్ని దక్షిణం అంటున్నది.

పటేల్ దాన్నే చూస్తున్నడు. “నీకాడ సూది ఉన్నదా? ఏమంటున్నది? ఒడ్డెటు?”

మెడలో నుంచి తీసి వాని మెడలో వేసిన.

“దక్షిణాన, పటేలా. డబ్బా పట్టుకొని, సూది చూసుకుంట రా. నేను ముందు పోయి మనుషులను పిలుస్త.”

“మరి చప్పుడు?”

“మంచుల చప్పుడు మోసం చేస్తది. సూది ఉండంగ డప్పెందుకని నువ్వే గద అన్నది.”

ఈదిన. వెనుకకు చూడలేదు. చప్పుడు ఎక్కడా ఆగలేదు.

నాగవ్వ కుండ దింపి, పట్టా ముక్క తెచ్చి, చీరకొంగు చింపిన పేలికతో వేపకొమ్మకు కట్టి కొడుతున్నది. నన్ను చూసి ఇనుప కడ్డీ ఆపింది.

“పనికి పోకన్నవ్. నువ్వు పడవెక్కినవని పిలగాండ్లు చెప్పిన్రు. నా పానం ఊకోలే. పటేలేడి?”

“మొద్దుల కాడ.”

“ఉన్నడా?”

“ఉన్నడు.”

అప్పుడు మంచులో నుంచి కేక వచ్చింది. “మాణిక్! మాణిక్!” ఇద్దరం విన్నం. జర ఆగి మళ్ల వచ్చింది. మొదటిదాని కన్న దూరం.

“అటెందుకు పోతున్నడు?” అన్నది. “అటు లోతు గద.”

నేను కంకర మీద కూసున్న. నా పండ్లు కొట్టుకుంటున్నయి.

“ఏం చేసినవ్ బావా?”

“సంగయ్య పిలిస్తే వాడు విన్నడంట,” అన్న. “‘పటేలా, పటేలా’ అని పిలిచిండంట. ఇంజన్ ఆపి ఉండంగ విన్నడంట నాగవ్వా. పలకలేదంట.”

ఆమె ఏడుస్తదనుకున్న. తిడుతదనుకున్న. కడ్డీ పట్టుకొని అట్లనే నిలబడ్డది. కేక మళ్ల వచ్చింది. ఈసారి పేరు తెలవలేదు, గొంతు ఒక్కటే. నేను అనుకున్నది ఇదే. ఒడ్డెటున్నదో తెలవక వాడు అరవాలె, ఒడ్డు మీదోళ్లు వినాలె. ఇదే గద అనుకున్నది.

నాగవ్వ కడ్డీ తెచ్చి నా చేతిలో పెట్టింది. పోయి సంగయ్య పుట్టిని ఒక్కతే తిరగేసింది. దాని అడుగున తారు నల్లగ మెరుస్తున్నది. ఎవరూ దించని పుట్టికి ఇన్ని రోజులు తారు పూసుకుంట ఉన్నదని అప్పుడు చూసిన.

“ఏడికి?” అన్న.

“నేను పోత.”

“వానికోసమా? ఇంత విన్నంక?”

“వానికోసం ఎందుకు పోత బావా? ఆ పొద్దు నన్ను పోనియ్యలే, కొట్టనియ్యలే. ఇయ్యాల ఎవడు ఆపుతడు?” పుట్టిని నీళ్లలోకి తోసి ఎక్కింది. తెడ్డు అందుకున్నది. “నువ్వు కొట్టు. వాడు అరిచే దిక్కుకు నేను పోత, నువ్వు కొట్టే దిక్కుకు వస్త. నువ్వాపితే నేను గూడ రాను.”

మంచు ఆమెను ముందు, తర్వాత పుట్టిని తీసుకున్నది.

కొట్టిన.

ప్రతి దెబ్బకు వాడు గూడ వింటున్నడని తెలుసు. నా తమ్ముణ్ణి పిలవని చప్పుడు వాణ్ణి పిలుస్తున్నది. ఆపాలనిపించింది. చేయి పైకి లేపి ఒకసారి ఆగిన గూడ. మంచులో నుంచి నాగవ్వ గొంతు వచ్చింది, “బావా!” అని. మళ్ల కొట్టిన. పొక్కులు లేచినయి, పగిలినయి. ఊరోళ్లు వచ్చి కడ్డీ ఇయ్యమన్నరు. ఇయ్యలేదు.

ముందు తెడ్డు చప్పుడు వచ్చింది. తర్వాత పుట్టి. పటేల్ అడుగున ముడుచుకొని పడి ఉన్నడు. నాగవ్వ ఒక కాలుతో వాణ్ణి పక్కకు జరిపి తెడ్డు వేస్తున్నది. వాని మెడలో నా కంపాస్ మూత తెరిచే ఉన్నది.

డిసెంబర్ 17, ఆదివారం

పటేల్‌ను చూడబోయిన. చూడబోకుంటే ఊరు అడుగుతది. దవాఖాన నుంచి వచ్చి దుప్పటి కప్పుకొని కూసున్నడు. గొంతు పోయింది. అందరున్నంతసేపు, “మొద్దు తగిలింది, మంచు,” అన్నడు. అందరు పోయినంక దిండు కింది నుంచి కంపాస్ తీసి నా చేతిలో పెట్టిండు.

“ఇది తలకిందులున్నది,” అన్నడు.

“అవును పటేలా. పాతది. బుడగ గూడ ఉన్నది.”

“నీకు తెలుసా?”

“చప్పుడు విన్నంక తెలిసింది.”

పోలీసులను పిలుస్తడా అని చూసిన. పిలిస్తే సంగయ్య పిలుపు సంగతి నేను చెప్తనని వానికి తెలుసు. దుప్పటి తల మీదికి గుంజుకున్నడు.

డిసెంబర్ 20

ఇస్సాకన్నకు కంపాస్ చూపిన. “ఇది ఎర్రకొనను దక్షిణానికి తిప్పుకున్నది. మళ్ల సరిచెయ్యచ్చు, బిళ్ల తే,” అన్నడు.

బిళ్ల లేదన్న.

“పిల్లలు పారేసిన్రా?” అన్నడు.

అవునన్న. నేను సరిచేయించలేదు. ఇంట్లో గోడ మొలకు తగిలేసిన.

డిసెంబర్ 31, ఆదివారం

పటేల్ వేరే పడవ తెచ్చిండు. బల్ల మీద పెట్టె లేదు. పట్టా ముక్క వేపకొమ్మకు ఇనుప గొలుసుతో కట్టి ఉన్నది. గొలుసు నేనే కొనిచ్చిన. పుట్లు మళ్ల మంచులో తిరుగుతున్నయి. నాగవ్వ ఇంక వాని పడవ తోడదు. పట్టా ముక్క కొట్టటమే పని. పుట్టోళ్లు తలా ఇంత జొన్నలు పోస్తున్నరు.

నాకు సంతోషం కాలేదు. ఒక మనిషిని సావు దాక తీసుకపోయి వెనుకకు తెచ్చుకున్న. కోపం ఉన్న తావునే ఉన్నది. నా చేతుల పొక్కులు మానినయి, అది మానలేదు.

ఇయ్యాల పొద్దున మంచు బాగ పడ్డది. రేవుకు పోయేసరికి పటేల్ పడవలో కూసొని ఉన్నడు. ఇంజన్ మీద చేయి పెట్టుకొని, విప్పకుండ. అవతలి గడ్డ మీద పాల క్యాన్లు ఎదురుచూస్తున్నయి.

“నాగవ్వా,” అని పిలిచిండు. గొంతు ఇంక బొంగురుగనే ఉన్నది. “కొడతవా జర?”

నాగవ్వ ఒడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టుకున్నది. రొట్టె కాలుస్తున్నది. పలకలేదు.

“నాగవ్వా! ఇనబడతలేదా?”

“ఇనబడుతున్నది పటేలా,” అన్నది. రొట్టె తిప్పింది. “ఇంటనే ఉన్న.”

వాడు నా దిక్కు చూసిండు. నేను మంచు దిక్కు చూసిన. వాడు మళ్ల పిలవలేదు.

ఆమె రొట్టె దించింది. ఇంకొకటి వేసింది. నాకొకటి ఇచ్చింది. మిరపకాయ కారంతో తనది తిన్నది. చెంబెడు నీళ్లు తాగింది. చేయి కడుక్కొని, కొంగుకు తుడుచుకొని లేచింది.

పటేల్ అప్పటి దాక పడవలోనే కూసున్నడు.